ఇంత జరిగినా కంపెనీల పరువు ఎలా నిలుస్తుంది?

కాగితప్పడవ
నేను పనిచేసే కర్మాగారం నుంచి నిరుడు శుద్ధి చేయని వ్యర్థజలం బయటకు పోయింది. రెండు రోజులు వార్తల్లో వచ్చింది, అధికారులు నోటీసు ఇచ్చారు, కంపెనీ ‘చింతిస్తున్నాం’ అంటూ ఒక ప్రకటన పడేసింది. సరిగ్గా ఆరు నెలలకు అదే కంపెనీకి పర్యావరణ పరిరక్షణలో పురస్కారం వచ్చింది! ఆ ఫలకాన్ని గేటు పక్కనే అద్దాల పెట్టెలో పెట్టారు. రోజూ దాన్ని చూస్తూనే లోపలికి వెళ్తాను.

కోపం సంగతి అలా ఉంచండి, నాకు అంతుపట్టనిది ఒకటుంది. వాటాదారులు, సరుకు కొనేవాళ్లు, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకునే కుర్రవాళ్లు, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఇంత జరిగినా కంపెనీల పరువు ఎలా నిలుస్తుంది? ‘జనానికి మరుపు ఎక్కువ’ అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. ఆ మరుపు దానంతట అదే వస్తుందా, ఎవరైనా పనిగట్టుకుని తెప్పిస్తారా అన్నదే నా ప్రశ్న.

మూడోకన్ను
ఆ పురస్కారానికి దరఖాస్తు రుసుము ఎంతో కనుక్కోండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

తోకచుక్క
మిగతా సగం అద్దాల పెట్టె బిల్లులో.

లెక్కలపంతులు
మీది చిన్న కథ. జర్మన్ కార్ల కంపెనీ ఫోక్స్‌వాగన్‌ను చూడండి. 2015 సెప్టెంబరులో పర్యావరణం, సమాజం విషయాల్లో మెరుగైన కంపెనీలను ఎంచే డౌ జోన్స్ సుస్థిరత సూచీ ఆ కంపెనీని వాహన రంగంలో అగ్రగామిగా ప్రకటించింది. కొద్ది రోజులకే, సెప్టెంబరు 18న, అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ బండారం బయటపెట్టింది. డీజిల్ కార్లలో పెట్టిన సాఫ్ట్‌వేర్, పరీక్ష జరుగుతోందని పసిగట్టగానే పొగను అదుపులో పెట్టేది. రోడ్డెక్కగానే వదిలేసేది. నైట్రోజన్ ఆక్సైడ్లు పరిమితికి 40 రెట్ల దాకా వచ్చాయి. ప్రపంచం మొత్తం మీద అలాంటి వాహనాలు కోటీ పది లక్షలు. అక్టోబరు 6న సూచీ నుంచి పేరు తీసేశారు.

సూచీవాళ్లు లంచం తిన్నారని నేననను. మార్కులు పడేది ప్రధానంగా కంపెనీ నింపి పంపిన ప్రశ్నావళి మీద, అది ప్రచురించిన పత్రాల మీద. పరీక్ష రాసినవాడి మాట మీదే మార్కులు వేస్తే ఇలాగే ఉంటుంది.

మూడోకన్ను
లంచం తిన్నారని మీరు అనకపోతే నేను అంటాను.

లెక్కలపంతులు
అనండి. కానీ ఆధారం లేకుండా అంటే మీకూ, ‘పర్యావరణ హితం’ అని డబ్బా మీద అచ్చువేసేవాడికీ తేడా ఉండదు.

తెరవెనుక
ఎనిమిదేళ్లు సుస్థిరత నివేదికలు, అంటే పర్యావరణానికీ సమాజానికీ కంపెనీ ఏం చేస్తోందో చెప్పే పుస్తకాలు, రాశాను. ఏ కంపెనీకో చెప్పను. కాగితప్పడవ గారి ప్రశ్నకు నా జవాబు సూటిగా: మరుపు దానంతట అదే రాదు, దాన్ని తెప్పించడానికి జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకుంటారు. నాకూ ఇచ్చారు.

అబద్ధం రాయమని ఎవరూ, ఎప్పుడూ నాతో అనలేదు. ఆ అవసరమే రాదు. ఒక ఏడాది మా మొత్తం ఉద్గారాలు పెరిగాయి. నా చిత్తుప్రతిలో మొదటి వాక్యం, ‘ఈ ఏడాది మా ఉద్గారాలు పెరిగాయి.’ మొదటి సమీక్ష నుంచి అది ‘ఉత్పత్తి విస్తరణకు అనుగుణంగా ఉద్గారాల్లో మార్పు నమోదైంది’ అయి వచ్చింది. రెండో సమీక్షలో దాని ముందు ఇంకో వాక్యం చేరింది: ‘టన్ను ఉత్పత్తికి అయ్యే ఉద్గారాలు తగ్గాయి.’ అదీ నిజమే! మూడో సమీక్ష అయ్యేసరికి నా వాక్యం వెనక అనుబంధంలో ఒక పట్టికగా మిగిలింది. టన్ను లెక్క మాత్రం ఒక పేజీ నిండా పెద్ద అక్షరాల్లో, పక్కన మొక్కకు నీళ్లు పోస్తున్న పాప బొమ్మతో వచ్చింది. ఆ పాప ఎవరో మాకు తెలియదు. ఫొటోలు అమ్మే సైటులో కొన్నాం. తర్వాత మరో రెండు కంపెనీల నివేదికల్లోనూ ఆ పాపే కనిపించింది.

ప్రతి వాక్యాన్నీ న్యాయవాది చూస్తాడు. ‘చేస్తాం’ అని రాస్తే ‘చేయాలని ఆకాంక్షిస్తున్నాం’ అని దిద్దుతాడు. ఎనిమిదేళ్లలో నేను నేర్చుకున్న వ్యాకరణమంతా అదే.

తోకచుక్క
ఆ పాప నీళ్లు పోసిన మొక్కలన్నీ బతికి ఉంటే ఈపాటికి భూగోళం చల్లబడిపోయేది.

పుస్తకాలపురుగు
తెరవెనుక గారు చెప్పిన దానికి పండితులు 1977లోనే పేరు పెట్టారు. మేయర్, రోవన్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు ఏమన్నారంటే, సంస్థలు తమ పని సవ్యంగా సాగడానికి కొన్ని ఏర్పాట్లు చేసుకుంటాయి, సమాజం మెచ్చుకోవడానికి మరికొన్ని చేసుకుంటాయి. ఈ రెండో రకంవాటికీ లోపల జరిగే అసలు పనికీ మధ్య లంకె తెంపేస్తాయి. ఒక విభాగం, ఒక విధానపత్రం, ఒక ఉపాధ్యక్షుడు ఉంటారు. మిషన్లు మాత్రం ఎప్పటిలాగే తిరుగుతుంటాయి.

1995లో సచ్‌మన్ అనే ఆయన ప్రజామోదాన్ని మూడుగా విడదీశాడు. నాకు లాభముంది కాబట్టి ఒప్పుకోవడం ఒకటి. వాళ్లు చేస్తున్నది మంచిపని అని ఒప్పుకోవడం రెండోది. ఇక మూడోది, అది లేకుండా లోకమే నడవదని అసలు ప్రశ్నించకపోవడం. కాగితప్పడవ గారూ, మీ కంపెనీకి ఉన్నది ఈ మూడోది అనుకుంటాను. పరువు నిలబెట్టుకోవడం దాకా రాలేదు, పోతుందని ఎవరికీ తట్టనే లేదు.

షిఫ్టుబాధ్యుడు
అందరూ ఒకే పాట పాడుతున్నారు కాబట్టి నేను అడ్డుపడతాను. ఇరవై ఏళ్లుగా కర్మాగారాల్లోనే ఉన్నాను. నా కళ్ల ముందే బాయిలర్లు మారాయి, నీటి వాడకం తగ్గింది, దుమ్ము తగ్గింది. అదంతా నాటకమేనా? కొనేవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో రకం తనిఖీ పత్రం పంపుతారు. ఒకే ప్రశ్నకు పదకొండు రకాలుగా జవాబులు రాసిన ఏడాది ఉంది. ఆ పత్రాలు నింపడానికే ఇద్దరిని పెట్టాం, ఆ ఇద్దరూ ప్లాంటులో ఉంటే ఇంకేదైనా బాగుపడేది.

మారినవాళ్లు కూడా ఉన్నారు. డెన్మార్క్‌కు చెందిన ఓర్‌స్టెడ్ ఒకప్పుడు బొగ్గు, చమురు, సహజవాయువుల కంపెనీ. దాని పేరే డెన్మార్క్ చమురు, సహజవాయువు అనే అర్థంలో ఉండేది. 2017లో చమురు, గ్యాస్ వ్యాపారాన్ని అమ్మేసి, పేరు మార్చుకుని, సముద్రంలో గాలిమరల వైపు వెళ్లింది. నివేదికలో బొమ్మలు మార్చి ఊరుకోలేదు, వ్యాపారాన్నే మార్చింది.

లెక్కలపంతులు
ఓర్‌స్టెడ్ ఉదాహరణ మంచిదే, కానీ అందులో సగానికి పైగా వాటా డెన్మార్క్ ప్రభుత్వానిది. ప్రతి మూడు నెలలకూ లాభం చూపించమని గొంతు మీద కూర్చునే మదుపుదారులే యజమానులైతే అంత తిరుగుడు తిరగగలిగేదా?

షిఫ్టుబాధ్యుడు
అదే కదా నేను చెప్పేది. తప్పంతా కంపెనీ మీద వేసి, ఆ మూడు నెలల లాభం అడిగేవాళ్లను వదిలేస్తున్నారు. అందులో మన పొదుపు డబ్బులూ ఉంటాయి.

రసాయనం
షిఫ్టుబాధ్యుడు గారితో సగం ఏకీభవిస్తాను. మిగతా సగానికి ఒక అనుభవం చెబుతాను.

నేను కొన్నేళ్లు సరఫరాదారుల తనిఖీలు చేశాను. ఒక అద్దకం యూనిట్‌కు వెళ్లాను. ఈటీపీ (వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ప్లాంటు) చక్కగా నడుస్తోంది, గాలి కొట్టే ట్యాంకులో బుడగలు వస్తున్నాయి, గట్ల మీద కొత్త పసుపు రంగు గీతలు. లాగ్‌బుక్ అడిగితే వెంటనే తెచ్చారు. ఆరు నెలల ఎంట్రీలు, మూడు షిఫ్టులు, ఎక్కడా కొట్టివేత లేదు. కానీ ఆరు నెలలకూ ఒకటే చేతిరాత, ఒకటే నీలం సిరా. పేజీ అంచులు తెల్లగా ఉన్నాయి. ఈటీపీ పక్కన ఆరు నెలలు ఉన్న పుస్తకానికి తడి మరకైనా, వేలిముద్రైనా అంటాలి కదా. ఒకరోజు ఆమ్లపు నీళ్లు, ఒకరోజు క్షారపు నీళ్లు వస్తుంటే రోజూ ఒకే పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే అంకె) రాదు, అక్కడ మాత్రం 7.2, 7.3, 7.2, 7.3. గోడ గడియారం లోలకంలా.

అప్పుడు ట్యాంకులోకి గాలి కొట్టే బ్లోయర్ మోటారుకు విడిగా ఉన్న కరెంటు మీటరు చూపించమన్నాను. తాళంచెవి ఉన్న మనిషి సెలవులో ఉన్నాడన్నారు. నా తనిఖీ పత్రంలో ‘లాగ్‌బుక్ నిర్వహిస్తున్నారా?’ అని ఒక గడి ఉంది. అవును అని టిక్కు పెట్టాల్సిందే, ఎందుకంటే నిర్వహిస్తున్నారు. ‘అది నిజమేనా?’ అనే గడి లేదు. వ్యాఖ్యల చోట రాశాను. తుది నివేదికలో వ్యాఖ్యలు రాలేదు, శాతం మాత్రం వచ్చింది. 92.

కాగితప్పడవ
మా దగ్గరా లాగ్‌బుక్ చాలా శుభ్రంగా ఉంటుంది. ఇప్పుడు ఆలోచిస్తుంటే ఒళ్లు జలదరిస్తోంది.

మూడోకన్ను
@రసాయనం, మీకు జీతం ఇచ్చింది ఎవరు?

రసాయనం
తనిఖీ సంస్థ. దానికి డబ్బు కట్టింది ఆ అద్దకం యూనిట్. తెలిసే అడిగారు కదా.

తోకచుక్క
పిల్లికి ఎలుక సాక్ష్యం.

ఉప్పుగాలి
తనిఖీల గురించి ఒక్క మాట. ఢాకా శివార్లలోని రానా ప్లాజా భవనం 2013 ఏప్రిల్ 24న కూలింది. 1,134 మంది చనిపోయారు. అందులోని దుస్తుల కర్మాగారాల్లో కొన్నింటికి అంతకుముందే తనిఖీలు జరిగాయి. భవనం గట్టిగా ఉందా లేదా చూడడం ఆ తనిఖీల పనే కాదు. మేము అడిగినవన్నీ సరిగ్గానే ఉన్నాయి అనే మాట ఎంత భయంకరమైనదో నాకు ఆ రోజు తెలిసింది.

ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాలి. మే నెలలో బ్రాండ్లకూ కార్మిక సంఘాలకూ మధ్య ఒప్పందం కుదిరింది. రెండు వందలకు పైగా బ్రాండ్లు సంతకం పెట్టాయి. చట్టం ముందు చెల్లే ఒప్పందం అది. ఇంజనీర్లు స్వతంత్రులు, నివేదికలు బహిరంగం, బాగుచేయని కర్మాగారానికి ఆర్డర్లు బంద్. అక్కడి వెయ్యికి పైగా కర్మాగారాల లోపాలు సరిదిద్దింది ఆ ఒప్పందం కిందే. కంపెనీల మనసు మారిందని ఎవరూ అనరు. తప్పించుకునే దారి మూశారు, అంతే.

నిదానం
ప్రతిదీ మోసమే అనుకుంటే మనం కూడా ఒక సౌకర్యంలో పడిపోతాం. చమురు కంపెనీని తిడుతూ కారులో వెళ్తాం.

లెక్కలపంతులు
నిదానం గారూ, ఈ వాక్యం మీ నోట రావడానికి కూడా ఒకరు ఖర్చు పెట్టారు. వ్యక్తి ‘కర్బన పాదముద్ర’ (ఒక మనిషి వల్ల వెలువడే ఉద్గారాల లెక్క) అనే మాటను ఇంటింటికీ చేర్చడంలో పెద్ద చేయి బ్రిటన్ చమురు కంపెనీ బీపీది. 2000లో ఆ కంపెనీ పొద్దుతిరుగుడు పువ్వులాంటి కొత్త గుర్తు పెట్టుకుంది, ‘పెట్రోలియంకు ఆవల’ అనే నినాదం ఎత్తుకుంది. తర్వాత నాలుగైదేళ్లలో మీ పాదముద్ర ఎంతో మీరే లెక్కపెట్టుకోండి అంటూ తన వెబ్‌సైటులో లెక్కల పరికరం పెట్టి ప్రకటనలు గుప్పించింది. చమురు తీసేవాడు, ‘మీ పాదం ఎంత?’ అని మనల్ని అడిగాడు. మనం వంగి పాదాలు చూసుకున్నాం.

ఆ ప్రకటనల కాలంలోనే, 2005 మార్చి 23న, దాని టెక్సస్ సిటీ శుద్ధి కర్మాగారంలో పేలుడు జరిగి 15 మంది పోయారు. 2010 ఏప్రిల్ 20న దాని కోసం సముద్రంలో బావి తవ్వుతున్న డీప్‌వాటర్ హొరైజన్ వేదిక పేలి 11 మంది పోయారు. బావి నుంచి 87 రోజులు చమురు కారింది.

నిదానం
అయినా నేను కారులో వెళ్తూనే ఉన్నాను కదా. ప్రశ్న ఎవరు నేర్పారన్నది వేరు, ప్రశ్న తప్పా ఒప్పా అన్నది వేరు.

తెరవెనుక
నిదానం గారి మాటలో బలముంది. ఇద్దరూ ఒప్పే. కాకపోతే మీరు కారు మానేస్తే ఒక కారు తగ్గుతుంది. మీరు పాదం చూసుకుంటున్నంత సేపూ ఎవరూ వాళ్ల పాదం చూడరు. మా విభాగంలో దీన్ని ‘చర్చను వినియోగదారు వైపు తిప్పడం’ అనేవారు. సమావేశం మినిట్సులో ఆ ముక్క అలాగే రాసేవాళ్లం, సిగ్గు కూడా పడకుండా.

పైరగాలి
2050 కల్లా ‘నెట్ జీరో’, అంటే వదిలినంత కర్బనాన్నీ తిరిగి తొలగించి లెక్క సున్నా చేస్తామనే ప్రకటనల గురించి ఎవరూ మాట్లాడరేం? ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఇవాళ ప్రకటన చేసిన అధిపతి 2050 నాటికి ఆ కుర్చీలో ఉండడు.

లెక్కలపంతులు
బీపీ కథ పూర్తిచేస్తాను, పైరగాలి గారి మాటకు అదే సాక్ష్యం. 2020లో నెట్ జీరో అంది, 2030కల్లా చమురు, గ్యాస్ ఉత్పత్తిని 40 శాతం తగ్గిస్తామంది. అంత మాట ఏ పెద్ద చమురు కంపెనీ అనలేదని పత్రికలు మెచ్చుకున్నాయి. 2023 ఫిబ్రవరిలో 40 కాస్తా 25 అయింది. 2025 ఫిబ్రవరిలో అదీ పోయింది, చమురు, గ్యాస్ మీద ఏటా 1,000 కోట్ల డాలర్ల వరకు పెడతామని ప్రకటించింది. మెప్పు 2020లోనే ఖాతాలో జమ అయింది. ఎవరూ వెనక్కి అడగలేదు.

షిఫ్టుబాధ్యుడు
ఆ లక్ష్యాన్ని వాటాదారులే తగ్గించమన్నారు! యుక్రెయిన్ యుద్ధం తర్వాత చమురు లాభాలు చూసి గాలిమరలెందుకు అన్నారు. కంపెనీ ఇద్దరు యజమానుల మధ్య ఉంది, వాటాదారు ఒకరు, సమాజం ఒకరు. సమాజం చప్పట్లు కొడుతుంది, వాటాదారు ఓటు వేస్తాడు.

పుస్తకాలపురుగు
ఈ చర్చలో నాకు బాగా నచ్చిన వాక్యం ఇదే. దానికో అనుబంధం. ఒక్క కంపెనీ పరువు పోతే అది ఒక్కదానితో ఆగదు, రంగం మొత్తానికి అంటుకుంటుంది. 1984 డిసెంబరులో భోపాల్ దుర్ఘటన జరిగాక ప్రపంచమంతటా రసాయన పరిశ్రమను చూసే చూపే మారింది. 1985లో కెనడా రసాయన పరిశ్రమ సంఘం ‘రెస్పాన్సిబుల్ కేర్’ అనే స్వచ్ఛంద నియమావళి తెచ్చింది. 1988లో అమెరికాలోనూ వచ్చింది. మమ్మల్ని మేమే దిద్దుకుంటాం, మీరు చట్టాలు బిగించక్కర్లేదు అన్నది అందులోని ఉద్దేశం. 2000లో కింగ్, లెనాక్స్ అనే పరిశోధకులు లెక్కలు తీశారు. అందులో చేరిన కంపెనీలు చేరనివాటి కన్నా నెమ్మదిగా మెరుగుపడ్డాయని తేలింది. నియమం తప్పితే శిక్ష లేదు, బయటివాళ్ల తనిఖీ లేదు. వానలో తడుస్తున్నవాళ్లే ముందుగా గొడుగు కిందికి దూరారు.

తర్వాత బయటి సంస్థల ధ్రువీకరణ తప్పనిసరి చేశారు. రసాయనం గారి అనుభవం చదివాక ఆ గొడుగు ఎంత గట్టిదో నాకిప్పుడు అనుమానం.

ఉప్పుగాలి
పరువుకూ నిజానికీ మధ్య లంకె ఎంత వదులో చెప్పే కథ ఇంకొకటి ఉంది, ఈసారి అటువైపు నుంచి. 1995లో చమురు కంపెనీ షెల్ తన పాత చమురు నిల్వ కట్టడం బ్రెంట్ స్పార్‌ను అట్లాంటిక్‌లో ముంచేద్దామనుకుంది. బ్రిటన్ ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ కార్యకర్తలు దాని మీదికెక్కి కూర్చున్నారు. జర్మనీలో జనం షెల్ బంకుల వైపు వెళ్లడం మానేశారు. జూన్ 20న షెల్ వెనక్కి తగ్గింది. ఆ తర్వాత గ్రీన్‌పీస్, అందులో మిగిలిన చమురు గురించి తాము చెప్పిన అంచనా తప్పని ఒప్పుకుని క్షమాపణ చెప్పింది!

చట్టం షెల్ వైపు, చమురు లెక్క విషయంలో నిజం కూడా చాలావరకు షెల్ వైపు. అయినా ఓడింది. గనుల రంగంవాళ్లు ‘సమాజం ఇచ్చే లైసెన్సు’ అనే మాట వాడతారు. అది ఏ కార్యాలయంలోనూ ఇవ్వరు కాబట్టి ఎప్పుడు రద్దయిందో కూడా తెలియదు.

తోకచుక్క
రద్దు చేసినవాళ్లకు కూడా రసీదు ఇవ్వరు.

మూడోకన్ను
అయితే బంకుల దగ్గర పని జరిగింది, నివేదికల దగ్గర కాదు. నేను మొదటి నుంచీ చెప్పేది ఇదే. ఈ కాగితాలన్నీ చింపేయాలి.

తెరవెనుక
ఇక్కడ నేను మీతో విభేదిస్తాను, అదీ ఆ కాగితాలు రాసినవాడిగా. కాగితం మీద ఉన్న మాట పట్టుకోవడానికి పనికొస్తుంది. మా న్యాయవాది ‘చేస్తాం’ అనే మాటకు ఎందుకు భయపడేవాడు? ఉత్తి మాటే అయితే ఉంచేసేవాడు కదా.

డచ్ విమానయాన సంస్థ కేఎల్‌ఎమ్ ‘బాధ్యతాయుతంగా ప్రయాణించండి’ అని ప్రచారం చేసింది. 2024 మార్చిలో ఆమ్‌స్టర్‌డామ్ కోర్టు పరిశీలించిన 19 ప్రకటనల్లో 15 తప్పుదోవ పట్టించేవని తేల్చింది. జర్మన్ ఫండ్ల సంస్థ డీడబ్ల్యూఎస్, పెట్టుబడులు పెట్టేటప్పుడు పర్యావరణాన్ని ఎంతగా లెక్కలోకి తీసుకుంటుందో గొప్పలు చెప్పుకుంది. 2023లో అమెరికాలో 1.9 కోట్ల డాలర్లు, 2025లో జర్మనీలో 2.5 కోట్ల యూరోలు జరిమానాగా కట్టాల్సి వచ్చింది. వాళ్లు చెప్పుకోకపోయి ఉంటే పట్టుకోవడానికి ఏముండేది?

పైరగాలి
షెల్ కేసు కూడా ఉంది కదా. 2021 మేలో హేగ్ కోర్టు, 2030 నాటికి ఉద్గారాలను 2019తో పోలిస్తే 45 శాతం తగ్గించమంది.

లెక్కలపంతులు
2024 నవంబరులో అప్పీలు కోర్టు ఆ 45 శాతం ఆదేశాన్ని కొట్టేసింది. అయితే ఉద్గారాలు తగ్గించే బాధ్యత కంపెనీకి ఉందన్న మాటను కొట్టేయలేదు, ఎంత శాతమో తాము నిర్ణయించలేమంది. షెల్ ఆ తీర్పును స్వాగతించింది, కేసు వేసిన పర్యావరణ సంఘం నిరాశపడింది.

షిఫ్టుబాధ్యుడు
తెరవెనుక గారూ, మీరు చెప్పిన పట్టుకోవడం వల్లే ఇప్పుడు కంపెనీలు నోరు మూసుకుంటున్నాయి. మంచిపని చేసినా చెప్పడం లేదు. యూరప్‌లో 2026 సెప్టెంబరు 27 నుంచి కొత్త నిబంధనలు వర్తిస్తాయి. రుజువు లేకుండా ‘పర్యావరణ హితం’ అని రాయకూడదు. కార్బన్ క్రెడిట్లు (వేరేచోట ఉద్గారాలు తగ్గించినట్టు ఇచ్చే పత్రాలు) కొని ‘ఈ వస్తువు కర్బన తటస్థం’ అనకూడదు. మా ఎగుమతి విభాగం ప్యాకెట్ల మీద ఆకుల బొమ్మలన్నీ తీయిస్తోంది.

తోకచుక్క
ఆకులు రాలే కాలం.

నిదానం
ఆకు బొమ్మ తీసేస్తే నష్టమేమిటి? లోపల వస్తువు అదే కదా. నిజంగా బాగుచేసినవాళ్లు రుజువు పెట్టి రాసుకోవచ్చు.

షిఫ్టుబాధ్యుడు
రుజువు ఖరీదు చిన్న కంపెనీలు భరించలేవు. పెద్దవాళ్లు భరిస్తారు, మళ్లీ పరువు వాళ్లదే. దీన్ని కూడా ఆలోచించండి.

లెక్కలపంతులు
ఈ అభ్యంతరం న్యాయమైనదే. నా దగ్గర జవాబు లేదు.

మౌనం సంగతికి వస్తే, అది గుంపుగానే వస్తుంది, హామీలు గుంపుగా వచ్చినట్టే. 2021లో బ్యాంకులు నెట్ జీరో కూటమి కట్టాయి. అమెరికాలో రాజకీయ గాలి మారగానే, 2024 డిసెంబరు, 2025 జనవరి నెలల్లో అక్కడి పెద్ద బ్యాంకులు ఒకదాని వెంట ఒకటి బయటకు నడిచాయి. 2025 అక్టోబరులో కూటమి దుకాణం కట్టేసింది. ఒక్కటే బయట ఉంటే వేలెత్తి చూపుతారు, ఒక్కటే లోపల ఉన్నా చూపుతారు. అందుకే గొర్రెల మంద.

పుస్తకాలపురుగు
ఒక పాత ముచ్చట. పనిలో లేని పర్యావరణ ప్రేమను పైపూతగా చూపించడాన్ని ఇంగ్లీషులో గ్రీన్‌వాషింగ్ అంటారు, ఆ మాట 1986లో జే వెస్టర్‌వెల్డ్ అనే పర్యావరణవేత్త రాసిన వ్యాసం నుంచి వచ్చిందంటారు. హోటల్ గదిలో ‘తువ్వాలు మళ్లీ వాడండి, ప్రకృతిని కాపాడండి’ అనే చీటీ చూసి రాశాడట. చాకలి ఖర్చు తగ్గించుకోవడానికి ప్రకృతిని పిలిచారన్నది ఆయన ఫిర్యాదు.

నిదానం
అయినా నీళ్లు ఆదా అయ్యాయి కదా?

పుస్తకాలపురుగు
అయ్యాయి. నలభై ఏళ్లుగా ఈ వాదన అక్కడే ఆగి ఉంది.

కాగితప్పడవ
నాలుగు రోజులు మాట్లాడకుండా అన్నీ చదివాను. తెరవెనుక గారు చెప్పారని మా కంపెనీ నివేదిక దించుకుని వెనక నుంచి మొదలుపెట్టాను. వ్యర్థజలం సంగతి 143వ పేజీలో ఉంది. ‘ప్రణాళికేతర విడుదల: 1. స్థితి: ముగిసింది.’ ఎంత నీరు పోయిందో, ఎటు పోయిందో లేదు. నీటి వాడకం 18 శాతం తగ్గిందని ముందు పేజీల్లో పెద్ద చక్రం బొమ్మ వేశారు. ఏ ఏడాదితో పోలిస్తే తగ్గిందని వెతికితే, పాత నివేదికల్లో ఆధార సంవత్సరం 2016. ఇప్పుడు 2019. కారణం, ‘పద్ధతుల మెరుగుదల’. 2019లో మా దగ్గర పాత యూనిట్ ఒకటి చెడిపోయి నీళ్లు విపరీతంగా వృథా అయ్యాయి. అది అక్కడ పనిచేసినవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు.

తెరవెనుక
ఎవరు రాశారో గాని పనితనం ఉంది. నేనైతే ‘ముగిసింది’ అని రాసేవాడిని కాదు, ‘పరిష్కరించాం’ అనేవాడిని.

మూడోకన్ను
పాప బొమ్మ ఉందా?

కాగితప్పడవ
ఉంది. 12వ పేజీ. ఈసారి చేతిలో చిన్న మొలక.

రసాయనం
అవన్నీ సరే. బ్లోయర్ మీటరు చూశారా?

కాగితప్పడవ
మా ఎలక్ట్రీషియన్ నాకు తెలిసినవాడే. నిన్న రాత్రి షిఫ్టులో చూపించాడు. పోయిన నెల మొదటి తేదీ రీడింగు కూడా అతని దగ్గర ఉంది. లాగ్‌బుక్‌లో రోజుకు 22 గంటలు నడిచినట్టు ఉంది. మోటారు సామర్థ్యంతో యూనిట్లను భాగిస్తే రోజుకు తొమ్మిది గంటలు కూడా రావడం లేదు. మూడుసార్లు లెక్కవేశాను.

లెక్కలపంతులు
మోటారు పూర్తి లోడు మీద నడవదు, ఆ తేడా కూడా తీసుకోండి. తీసుకున్నా 22 రాదనుకోండి.

షిఫ్టుబాధ్యుడు
రాదు. పూర్తి లోడులో సగం మీద నడిచిందనుకున్నా 18 దాటదు. బ్లోయర్ అంత తక్కువ లోడు మీద నడవదు.

రసాయనం
ఫొటో తీశారా?

కాగితప్పడవ
తీశాను. మీటరుది, లాగ్‌బుక్ పేజీది.

రసాయనం
ఇక్కడ పెట్టకండి. ఆ ఎలక్ట్రీషియన్ గురించి ఇంకొక్క మాట కూడా రాయకండి, పైన రాసింది తీసేయమని నిర్వాహకులను అడగండి. ఒక ప్రతి మీ ఇంట్లో పెట్టుకుని నాకు విడిగా సందేశం పంపండి.